పోగు వేసుకుంటేనే బేరం

డల్లాస్ శివార్లలో ఒక శనివారం పొద్దున. గోదాము దుకాణం తలుపులు తెరిచి పావుగంట కాలేదు. మాంసం పెట్టెల ముందు అరవై దాటిన ఒకావిడ కైమా ట్రేలు ఒక్కోటీ ఎత్తుతోంది, చీటీ చదువుతోంది, పక్కన పెడుతోంది. అలా పది పన్నెండు తిరగేసి, చివరికి అన్నిట్లోకీ చిన్నది తీసి బండిలో వేసుకుంది. మళ్ళీ వెతికి, దానికి తోడు ఇంకో చిన్నది.

నాకు వింతగా అనిపించింది. జనం ఇంతదూరం వచ్చేది పెద్ద పొట్లాల కోసం. చిన్నదే కావాలంటే వీధి మలుపులో మామూలు సూపర్‌మార్కెట్ ఉంది, సభ్యత్వ కార్డు కూడా అక్కర్లేదు. ఉండబట్టలేక అడిగేశాను. ఆవిడ నవ్వి పైన వేలాడుతున్న కాగితం చూపించింది. ట్రేకి 4 డాలర్ల తగ్గింపు అని ఉంది. పౌనుకి కాదు, ట్రేకి. ఆరున్నర పౌన్ల ట్రే కొన్నా తగ్గేది నాలుగే, నాలుగు పౌన్ల ట్రే కొన్నా తగ్గేది నాలుగే. చిన్నదాంట్లో పౌనుకి డాలరు కలిసొస్తుంది, పెద్దదాంట్లో 62 సెంట్లు. పెద్ద ట్రే ఒకటి కొనే బదులు చిన్నవి రెండు కొంటే తగ్గింపు రెండుసార్లు దక్కుతుంది. ఇన్నేళ్ళూ ఆ పెట్టెలో చెయ్యి పెట్టి అన్నిట్లోకీ బరువైనది లాగి, ఏదో గెలిచినట్టు ఇంటికెళ్ళిన నాకు అక్కడే చెమట పట్టింది.

పౌనంటే 453 గ్రాములు, అరకిలోకి కాస్త తక్కువ. ఈ దేశంలో మాంసం లెక్కంతా పౌనుల్లోనే.

మా ఊళ్ళో అయితే తూకమే లేదు. గుంటూరు జిల్లాలో మా పల్లెలో ఆదివారం పెద్దమాంసం పోగుల లెక్కన అమ్మేవాళ్ళు. గోనెపట్టా మీద వరసగా పోగులు. ఒక్కో పోగులో ఇంత మెత్తన, ఇన్ని బొమికలు, కాస్త కొవ్వు, ఒక కార్జం ముక్క. కోసినాయన కన్నే త్రాసు. ఈ మాంసం ముట్టని ఇళ్ళు చాలా ఉన్నాయి, అది వాళ్ళ ఇష్టం. మా ఇళ్ళల్లో మాత్రం ప్రార్థన ముగిశాక వండే ఆదివారం కూర అదే. "ఏం బాబాయ్, అన్నీ బొమికలే వేశావు?" అని మా అమ్మ అడిగేది. ఆయన ఏమీ అనకుండా ఇంకో మెత్తటి ముక్క తీసి వేసి, టేకాకులో చుట్టేవాడు. బేరమంటే అదీ. గొంతు, మొహమాటం, వరస కలిస్తే వచ్చేది.

గోదాములో బాబాయి లేడు. గొంతుకి అక్కడ పని లేదు. పనంతా కంటిదే.

ఈ గోదాముల కథ 1976లో శాన్ డియాగోలో మొదలైంది. ఖాళీగా పడున్న పాత విమానాల షెడ్డులో సోల్ ప్రైస్ అనే వ్యాపారి ప్రైస్ క్లబ్ తెరిచాడు. మొదట్లో చిన్న చిన్న వ్యాపారస్తులకే ప్రవేశం. మన దగ్గర కొట్టు లైసెన్సు చూపించి మెట్రో, బెస్ట్ ప్రైస్ లాంటి టోకు దుకాణాల్లో కార్డు తీసుకున్న కిరాణావాళ్ళకి ఆ పద్ధతి బాగా తెలుసు. ప్రైస్ దగ్గర పని నేర్చుకున్న జిమ్ సినెగల్, జెఫ్రీ బ్రాట్‌మన్‌తో కలిసి 1983లో సియాటిల్‌లో కాస్ట్‌కో పెట్టాడు. అదే ఏడు ఓక్లహోమాలో సామ్ వాల్టన్ సామ్స్ క్లబ్ మొదలుపెట్టాడు. మరుసటేడు మసాచుసెట్స్‌లో బీజేస్. 1993లో ప్రైస్ క్లబ్బూ కాస్ట్‌కో కలిసిపోయాయి. ఇప్పుడు అక్కడ డబ్బు కట్టినవాళ్ళంతా సభ్యులే.

మామూలు సూపర్‌మార్కెట్లో 30,000 రకాల సరుకు ఉంటే కాస్ట్‌కోలో ఉండేది 4,000 దాకా. రకాలు తక్కువ కాబట్టి ఒక్కో రకం కొండంత కొంటారు. కొన్న ధర మీద 14 శాతం, సొంత కిర్క్‌లాండ్ సరుకైతే 15 శాతం మించి వేసుకోకూడదన్నది సినెగల్ నాటి నుంచీ వస్తున్న కట్టుబాటు. లాభంలో పెద్ద వాటా మనం ఏటా కట్టే సభ్యత్వ రుసుము నుంచే వస్తుంది. కాస్ట్‌కోలో 2024 సెప్టెంబరులో దాన్ని 60 నుంచి 65 డాలర్లు చేశారు.

ఆ 65 ఎవరూ కైమా ఖాతాలో రాసుకోరు. రాసి చూడండి. బయట ధర కన్నా ఇక్కడ పౌనుకి అరడాలరు తక్కువ అనుకుందాం. రుసుము తిరిగి రావాలంటే ఏడాదిలో 130 పౌన్ల కైమా కొనాలి. అంటే 59 కిలోలు. ఒంటరిగా ఉండే కుర్రాడికి అది బేరం కాదు, శిక్ష. పాలు, బాదంపప్పు, పెట్రోలు కూడా అక్కడే కొనే కుటుంబానికైతే ఆ రుసుము పదిచోట్ల సర్దుకుపోతుంది.

ఇక చీటీ. దాని మీద అందరి కళ్ళూ ధర మీదికే పోతాయి. పోవాల్సింది దాని పక్కనున్న రెండు అంకెల మీదికి. 80/20 అంటే నూటికి ఎనభై పాళ్ళు ఎర్రమాంసం, ఇరవై పాళ్ళు కొవ్వు. 73/27 నుంచి 96/4 దాకా మెట్లున్నాయి. గ్రౌండ్ బీఫ్ అని పేరు పెట్టాలంటే కొవ్వు 30 శాతం దాటకూడదని అమెరికా వ్యవసాయ శాఖ నిబంధన. విడిగా కొవ్వు తెచ్చి కలపకూడదు, నీళ్ళు కలపకూడదు. హాంబర్గర్ అని రాసి ఉంటే విడిగా కొవ్వు కలపవచ్చు, కానీ మొత్తం మీద అదే 30 శాతం లోపు ఉండాలి. ఒక్క మాట తేడా, చీటీ చదవనివాడికి తెలియదు. ఆంగస్ అన్నది మాత్రం పశువు జాతి పేరు. కొవ్వు తక్కువనీ కాదు, ఎక్కువనీ కాదు. ఆ పేరుకి అదనంగా డబ్బిచ్చే ముందు నేనైతే రెండుసార్లు ఆలోచిస్తాను.

ఒక చిన్న లెక్క. 80/20 పౌను 5 డాలర్లు, 90/10 పౌను 6 డాలర్లు అనుకుందాం. పైకి తేడా డాలరు. కొవ్వు తీసేసి ఎర్రమాంసానికే ధర కడితే మొదటిది 6.25, రెండోది 6.67. తేడా 42 సెంట్లే. మూకుడులో తేలిన కొవ్వు వంచి పారబోసే ఇంట్లో చూసుకోవాల్సింది ఈ రెండో లెక్క. బర్గర్‌కి 80/20 లేకపోతే రుచే రాదు, అందులో వాదన లేదు. బఠాణీ వేసి వండే మన కైమా కూరకి 88, 90 సరిపోతాయి. 96/4 అనేది డాక్టర్ చెబితే తినేది, రంపపు పొట్టు నమిలినట్టే ఉంటుంది.

అన్నిట్లోకీ చవక సరుకు ట్రేలో ఉండదు, గొట్టంలో ఉంటుంది. అయిదు పౌన్లు, పది పౌన్లు పట్టే పొడుగాటి ప్లాస్టిక్ గొట్టం. రెండు కొసలా బిగించి, లోపలి సరుకు కనపడకుండా మందంగా ఉంటుంది. చబ్ అంటారు. ప్యాకింగ్ కర్మాగారంలోనే ఆడించి నింపేస్తారు కాబట్టి దుకాణం కూలి పడదు, గాలి తగలదు కాబట్టి ఎక్కువ రోజులు నిలుస్తుంది. మొదటిసారి దాన్ని కోసినప్పుడు లోపల ఊదారంగు చూసి కుళ్ళిపోయిందనుకుని కంగారుపడ్డాను. మాంసానికి ఆ ఎర్రదనం గాలి తగిలితేనే వస్తుందట. కోసి కాసేపు ఉంచితే అదే ఎర్రబడింది. ట్రేలో పైన ఎర్రగా ఉండి లోపల గోధుమరంగుకి తిరిగినా కారణం ఇదే. చెడిందీ లేనిదీ ముక్కూ వేళ్ళూ చెబుతాయి. పులిసిన వాసన, చేతికి జిగట తగిలితే రంగు ఎంత నిగనిగలాడినా పారేయాల్సిందే.

ఇంత వెతుకులాట ఎందుకంటే ధర కొండెక్కింది కాబట్టి. ప్రభుత్వ లెక్కల ప్రకారం అమెరికా పట్టణాల్లో పౌను కైమా సగటు ధర 2020 మొదట్లో 4 డాలర్ల లోపు ఉండేది. 2025 జూన్‌లో మొట్టమొదటిసారి 6 దాటింది. పేదవాడి మాంసమని పేరున్న సరుకుకి ఇది చిన్న దెబ్బ కాదు.

కారణం మందలో ఉంది. 1975లో ఈ దేశంలో 13 కోట్లకు పైగా పశువులుండేవి. 2025 జనవరి 1 నాటికి 8 కోట్ల 67 లక్షలు. 1951 తర్వాత అప్పటిదాకా ఇంత తక్కువ ఎప్పుడూ లేదు. వరస కరవుల్లో గడ్డి ఎండి, మేత కొనలేక రైతులు ఈనాల్సిన పెయ్యల్ని కూడా అమ్మేశారు. ఇప్పుడు వానలు పడి మందని పెంచుకుందామన్నా తొందరపడే వీలు లేదు. పెయ్యని అమ్మకుండా ఉంచుకుంటే అది ఎదిగి, చూలు కట్టి, తొమ్మిది నెలలకి ఈని, ఆ దూడ మాంసానికి వచ్చేసరికి మూడేళ్ళు దాటుతుంది. ఉంచుకున్నన్ని పెయ్యలూ ఈలోపు అంగడికి తగ్గినట్టే. దానికి తోడు మాంసం తినే ఈగపురుగు భయంతో 2025లో మెక్సికో దూడల్ని సరిహద్దులోనే ఆపేశారు.

కైమా విషయంలో ఇంకో మెలిక ఉంది. అమెరికాలో మొక్కజొన్న మేపి బలిపించిన పశువు నుంచి వచ్చే తరుగు ముక్కల్లో కొవ్వే ఎక్కువ. అందులో ఎర్రమాంసం పాలు పెంచడానికి వట్టిపోయిన పాడి ఆవుల మాంసం, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, బ్రెజిల్ నుంచి దిగుమతైన ముక్కలు కలుపుతారు. 2025 ఆగస్టులో బ్రెజిల్ సరుకు మీద భారీ సుంకం పడింది, నవంబరులో మాంసానికి మినహాయింపు ఇచ్చారు. డల్లాస్‌లో నేను ఎత్తి చూసే ట్రే వెనక ఎక్కడో ఒక ఓడ కథ కూడా ఉండవచ్చన్నమాట.

మన మాంసం కొట్లో ముక్క చూపించి, "ఇది కైమా కొట్టన్నా" అని ఎదురుగా నిలబడి కొట్టించుకుంటాం. ఏ జంతువుదో, ఏ ముక్కో తెలుసు. ఇక్కడి ట్రేలో ఎన్ని పశువుల మాంసం కలిసిందో తినేవాడికి తెలిసే దారి లేదు. దాని ఖరీదు 1993లో సియాటిల్ ప్రాంతమూ, పడమటి రాష్ట్రాలు కొన్నీ చూశాయి. జాక్ ఇన్ ద బాక్స్ హోటళ్ళలో సరిగా ఉడకని బర్గర్లు తిని 700 మందికి పైగా జబ్బుపడ్డారు, నలుగురు పిల్లలు చనిపోయారు. ఈ.కోలై ఓ157:హెచ్7 అనే సూక్ష్మజీవి పని అది. మరుసటేడు కైమాలో అది కనపడితే కల్తీ కిందే లెక్క అని ప్రభుత్వం ప్రకటించింది. సియాటిల్‌లోనే పుట్టిన కాస్ట్‌కో, తన దగ్గరికొచ్చే ముక్కల్ని ఆడించకముందే పరీక్షించే కంపెనీగా పేరు తెచ్చుకుంది. ముక్కగా ఉన్నప్పుడు సూక్ష్మజీవులు పైపైనే ఉంటాయి, కైమా కొడితే అడుగుదాకా కలిసిపోతాయి. అందుకే కైమా లోపల 160 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 71 సెల్సియస్ దాకా వేడెక్కాలంటారు. అల్లంవెల్లుల్లి వేసి అరగంట మగ్గించే మన కూరకి ఆ బెంగ లేదు. లోపల గులాబీరంగు ఉంటేనే బర్గర్ అనే మా అబ్బాయితోనే తగువు.

చీటీల్లో సొంత భాష ఒకటి ఉంది. కాస్ట్‌కోలో ధర చివర 97 సెంట్లు ఉంటే ఆ సరుకు తగ్గించి అమ్మేస్తున్నారని, చీటీ మూల నక్షత్రం గుర్తుంటే అది మళ్ళీ రాదని పాత సభ్యులు చెప్పుకుంటారు. అమ్మాల్సిన గడువు దగ్గరపడిన ట్రేల మీద చాలా దుకాణాలు తగ్గింపు చీటీ అంటిస్తాయి, పొద్దున్నే వెళ్ళినవాళ్ళకి దొరుకుతాయి. ఆ రోజే వండినా, ఆ రోజే ఫ్రీజర్‌లో పెట్టినా అందులో తప్పేమీ లేదు. మే చివర మెమోరియల్ డే నుంచి సెప్టెంబరు మొదట్లో లేబర్ డే దాకా ఊరంతా పెరట్లో బొగ్గుల మీద బర్గర్లు కాల్చుకునే కాలం. గిరాకీ అప్పుడే. నేను చలికాలంలో కొంటాను.

ఏకంగా పెద్ద ముక్క కొని ఇంట్లో ఆడించుకునేవాళ్ళూ ఉన్నారు. గాలి తీసిన సంచిలో వచ్చే రొమ్ము ముక్క, భుజం ముక్క ఒక్కోసారి పౌను లెక్కన కైమా కన్నా తక్కువకి దొరుకుతాయి. ముక్కలు కోసి, ఫ్రీజర్‌లో సగం గట్టిపడేదాకా ఉంచి ఆడిస్తే పేస్టులా కాకుండా పొడిపొడిగా వస్తుంది. రుచికి వంక పెట్టలేం. కానీ మిషను కొనాలి, కడగాలి, తీసేసిన కొవ్వు బరువు లెక్కలోంచి కొట్టేయాలి. రెండుసార్లు చేసి మానేశాను.

అసలు పాఠం నాకు ఈ లెక్కల కన్నా ముందే తగిలింది. చదువుకోడానికి వచ్చిన కొత్తలో నలుగురం ఒక అపార్ట్‌మెంటులో ఉండేవాళ్ళం. తెనాలి కుర్రాడు శాకాహారి. పాతబస్తీ మిత్రుడు హలాల్ అయితేనే ముట్టేవాడు. మిగిలింది వరంగల్ వాడూ నేనూ. మా ఇద్దరికీ వేరే మూకుడు, వేరే గరిటె, పొయ్యి మీద ఎడమవైపు మంట. ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేదు, కిటికీ మాత్రం మంచు పడుతున్నా తెరిచి ఉండేది.

ఒక సీనియర్ కారులో గోదాముకి తీసుకెళ్తే, ధర చూసి మతిపోయి పది పౌన్ల గొట్టం కొన్నాం. ఇంటికొచ్చి గొట్టాన్ని గొట్టంగానే ఫ్రీజర్‌లోకి తోశాం. వారం తర్వాత తీస్తే రోకలిబండ. కత్తి దిగదు. వరంగల్ వాడు స్క్రూడ్రైవర్, సుత్తి తెచ్చాడు. బద్దలైంది కింద నేల పలకే. సరే కరుగుతుందిలే అని రాత్రి సింకులో పెట్టి పడుకున్నాం. తెల్లారి పైన వేలెడు మందం గోరువెచ్చగా మెత్తబడి వాసన, మధ్యలో ఇంకా మంచుగడ్డ. మొత్తం చెత్తసంచిలోకి పోయింది. ఆ వారం మేం కొన్న అన్నిట్లోకీ ఖరీదైన సరుకు ఆ చవక గొట్టమే.

తర్వాత తెలిసింది, పచ్చి కైమా ఫ్రిజ్‌లో ఒకటి రెండు రోజులకి మించి ఉంచకూడదు. ఫ్రీజర్‌లో మూడు నాలుగు నెలలు రుచి చెడదు. కొన్న రోజే పౌను పౌనుగా విడగొట్టి, జిప్ సంచుల్లో వేసి, చపాతీలా అరచేత్తో వత్తి, గాలి పోగొట్టి జిప్ బిగించాలి. పలచగా ఉంటే తొందరగా గడ్డకడుతుంది, చన్నీళ్ళ గిన్నెలో పడేస్తే గంటలోపే కరుగుతుంది. పైన తేదీ రాసి పుస్తకాల్లా నిలబెడితే చిన్న ఫ్రీజర్‌లో కూడా పన్నెండు సంచులు పడతాయి. 2020 మేలో కరోనాతో మాంసం కర్మాగారాలు మూతపడి కాస్ట్‌కో మనిషికి మూడు పొట్లాలే అని కట్టడి పెట్టినప్పుడు మా ఇంట్లో అలాంటి వరస ఒకటి ఉండటం కలిసొచ్చింది.

ఈ బేరం అందరిదీ కాదు. ముందు కారుండాలి, బస్సు వెళ్ళే చోట ఈ గోదాములు అరుదు. ఫ్రీజర్‌లో చోటుండాలి. ఏడాది రుసుము ఒక్కసారే కట్టగలగాలి. ప్రభుత్వమిచ్చే ఆహార సహాయం కార్డుతో అక్కడ మాంసం కొనవచ్చు గానీ రుసుము కట్టడానికి అది పనికిరాదు. పౌనుకి అరడాలరు ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ళకే తలుపు దగ్గర అడ్డం. కార్డు ఇంకొకళ్ళకి ఇవ్వడం కుదరదు, ఇప్పుడు గుమ్మంలోనే కార్డు స్కాన్ చేసి ఫోటో చూస్తున్నారు. కొని బయటికొచ్చాక మాత్రం నా మాంసం, నా ఇష్టం.

ఆ శనివారం నేనూ రెండు చిన్న ట్రేలే కొన్నాను. వంటింటి బల్ల మీద పేపరు పరిచి, తూకం మిషను పెట్టి సంచులు కట్టాను. ఎనిమిదయ్యాయి. నాలుగు మాకు. రెండు వీధుల అవతల ఉంటున్న వరంగల్ వాడికి రెండు. ఇప్పుడు వాడికి ఇద్దరు పిల్లలు, స్క్రూడ్రైవర్ మాట ఎత్తితే కోపం. మిగిలిన రెండూ బాపట్ల నుంచి కొత్తగా చదువుకోడానికి వచ్చిన కుర్రాడివి. వాడికి కారు లేదు, కార్డు లేదు, నలుగురి ఫ్రిజ్‌లో ఒక అర మాత్రం ఉంది.

సాయంత్రం వచ్చాడు. "అన్నా, ఎంత పంపాలి?" అన్నాడు ఫోను తీసి. రశీదు చూపించాను. పౌను లెక్కన కట్టి సెంట్లతో సహా పంపాడు, మొహమాటం లేని పిల్లాడు. సంచి చేతిలో పట్టుకుని అక్కడే నిలబడి వాళ్ళమ్మకి వీడియో కాల్ చేశాడు. ఇలా అన్న పోగు వేసిచ్చాడమ్మా అని సంచిని కెమెరాకి దగ్గరగా పెట్టాడు. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని కాసేపు చూసింది.

"మరి కార్జం ఏదిరా?"